లావెక్కిన కిటికీ

ఇనుప కిటికీ మూసుకోకపోతే ఇంట్లోవాళ్లు అనే మొదటి మాట ఒకటే: "చట్రం వంగిపోయింది." పిలిపించిన వెల్డరు కూడా చాలాసార్లు అదే అనుకుని సంచిలోంచి గ్రైండరు తీస్తాడు. అంచున ఎక్కడ ఒరుసుకుంటోందో అక్కడ ఇనుమును కాస్త కొరికేస్తాడు. రెక్క మూసుకుంటుంది, అందరూ సంతోషిస్తారు. రెండు మూడు వానాకాలాలు గడిచేసరికి అదే కిటికీ మళ్లీ మొరాయిస్తుంది. ఈసారి గ్రైండరు కొరికిన చోటే తుప్పు పొంగి ఉంటుంది. ఎందుకంటే మొదట్లో ఆ కిటికీ వంగనే లేదు, లావెక్కింది.

హైదరాబాదులో ఉప్పల్ రింగురోడ్డు చుట్టుపక్కల, హబ్సిగూడ నుంచి నాచారం మీదుగా మల్లాపూర్ దాకా, నలభై ఏళ్లు దాటిన ఇళ్లు ఇంకా చాలానే ఉన్నాయి. ఒకవైపు 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఇంకోవైపు నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు. వాటిని నమ్ముకుని స్థిరపడినవాళ్లు కట్టుకున్న రెండంతస్తుల ఇళ్లు, లిఫ్టు లేని చిన్న అపార్ట్‌మెంట్లు అవి. వాటి సందుల్లో తలెత్తి చూస్తూ నడిస్తే కిటికీల అవస్థ ఇట్టే తెలుస్తుంది. ఒక రెక్కను నైలాన్ తాడుతో గ్రిల్లుకు కట్టేసి ఉంటారు. ఇంకోదాని సందులో మడతపెట్టిన అట్టముక్క కుక్కి ఉంటుంది. విరిగిన హ్యాండిల్ స్థానంలో మెలితిప్పిన కట్టుతీగ. వానజల్లు ఒక్కటే అయితే ఏదోలా సర్దుకుపోవచ్చు. కానీ ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగాయి. వరంగల్ రోడ్డు దుమ్ముకు, దోమలకు, హారన్ల మోతకు ఆ చిన్న సందే సింహద్వారం అయింది.

లావు సంగతి లెక్కవేసి చూడదగ్గది. ఎనామెల్ పెయింటు ఒక కోటు ఆరిపోయాక పాతిక నుంచి నలభై మైక్రాన్ల మందం ఉంటుంది. వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు. పండక్కో సారి, పెళ్లికో సారి వేసుకుంటూ పోతే నలభై ఏళ్లలో పది కోట్లు పడటం వింతేమీ కాదు. సగటున ముప్ఫై మైక్రాన్ల చొప్పున ఒక ముఖం మీద 0.3 మి.మీ. పేరుకుంటుంది. రెక్క, చట్రం ఎదురెదురుగా తాకే రెండు ముఖాలకూ రంగు పడింది కాబట్టి 0.6 మి.మీ. రంగు కారి గడ్డకట్టిన మూలల్లో, బ్రష్ ఆగిన చోట్ల, అది సులువుగా ఒక మిల్లీమీటరు దాటుతుంది.

ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. అది ఎక్కడ ఉందన్నదే అసలు సంగతి. బందు పిన్నుకు 20 మి.మీ. దూరంలో ఆ గడ్డ ఉందనుకుందాం. రెక్క తిరుగుతూ వచ్చి అక్కడ ఆగిపోతుంది. హ్యాండిల్ ఉన్న అంచు పిన్నుకు 500 మి.మీ. దూరంలో ఉంటుంది, అంటే పాతిక రెట్లు ఎక్కువ దూరం. బందు దగ్గరి మిల్లీమీటరు అక్కడికి వచ్చేసరికి 25 మి.మీ. సందు అవుతుంది. ఇంట్లోవాళ్లకు కనిపించేది ఆ అంగుళం సందు, వెల్డరు కోసేదీ ఆ వైపు అంచునే. అడ్డుపడుతున్న గడ్డ మాత్రం బందు పక్కన, గ్రిల్లు వెనకాల, ఎవరి చెయ్యీ కన్నూ చేరని చోట ఉంటుంది.

పైగా రెక్క మూసుకోకపోతే మనిషి ఊరుకోడు, హ్యాండిల్ పట్టుకుని లాగుతాడు. అప్పుడు అదే లెక్క తిరగబడుతుంది. హ్యాండిల్ దగ్గర పది కిలోల బలంతో లాగితే బందు దగ్గరి గడ్డ మీద రెండువందల యాభై కిలోల ఒత్తిడి పడుతుంది. రంగు గడ్డ కదలదు. బందు చెయ్యి వంగుతుంది, పిన్ను అరుగుతుంది, రెక్క మెలిపడుతుంది. "వంగిపోయింది" అన్న మాట ఆ లాగుడు తర్వాతే నిజమవుతుంది.

ఇంత సూక్ష్మమైన కొలత మీద ఆధారపడే వస్తువును ఎవరు, ఎందుకు చేశారు? దీని పుట్టిల్లు ఇంగ్లండులో ఎసెక్స్ కౌంటీలోని బ్రెయిన్‌ట్రీ. 1849లో క్రిట్టల్ కుటుంబం ఆ ఊళ్లో ఒక ఇనుప సామాన్ల దుకాణం కొంది. ఆ ఇంటివాడే ఫ్రాన్సిస్ హెన్రీ క్రిట్టల్. 1884లో లోహపు కిటికీల తయారీ మొదలుపెట్టాడు. 1889లో అది క్రిట్టల్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీగా నమోదైంది. ఇనుప కిటికీలు అంతకుముందు లేవని కాదు. కమ్మరులు కొట్టినవి, పోతపోసినవి వందల ఏళ్లుగా ఉన్నాయి. వాటికి దొరకనిది చవకైన ఉక్కు. 1856లో హెన్రీ బెస్సెమర్ పద్ధతి వచ్చాక ఉక్కు టన్నులకొద్దీ తయారవడం మొదలైంది. ఎర్రగా కాల్చిన ఉక్కు దిమ్మను గాడులున్న రోలర్ల జతల మధ్య నుంచి ఒకదాని తర్వాత ఒకటిగా పంపితే, అవతలి కొసన కావలసిన అడ్డుకోతతో పొడవాటి పట్టీ బయటికి వస్తుంది. రైలు పట్టాలు అలా వస్తున్నాయి. కిటికీ పట్టీలూ అలాగే రాసాగాయి.

ఈ యంత్రం ప్రతిభ అంతా ఆ అడ్డుకోతలోనే ఉంది. కిటికీని యంత్రం అనడంలో అతిశయోక్తి లేదు. కదిలే భాగాలున్నాయి, కీళ్లున్నాయి, తాళముంది, కొలతలున్నాయి. రెక్క పట్టీని అడ్డంగా కోసి చూస్తే దాదాపు ఇంగ్లీషు జడ్ అక్షరంలా ఉంటుంది, చట్రం పట్టీ కూడా అంతే. మూసినప్పుడు రెండూ రెండు చోట్ల తాకుతాయి, బయటివైపు ఒక అంచు, లోపలివైపు ఒక అంచు. ఆ రెంటి మధ్య సన్నని ఖాళీ మిగులుతుంది. ఈదురుగాలితో కొట్టే వాన మొదటి అంచును దాటినా ఆ ఖాళీలోకి రాగానే వేగం పోగొట్టుకుని కిందికి జారి, అడుగునుంచి బయటికి పోతుంది. మొదటి తరం కిటికీల్లో రబ్బరు లేదు, స్పాంజి లేదు. ఉక్కు ఉక్కును తాకడమే కాపలా. అందుకే ఈ కిటికీ రంగు మందాన్ని కూడా సహించలేదు.

1907లో క్రిట్టల్ కంపెనీ జర్మనీ నుంచి ఫెనెస్ట్రా అతుకు హక్కులు తెచ్చుకుంది. అడ్డపట్టీ, నిలువుపట్టీ కలిసే చోట ఏదో ఒకదాన్ని సగం కోసి కూర్చడం అప్పటిదాకా ఉన్న అలవాటు. కోసిన చోట బలం పోతుంది. ఫెనెస్ట్రా పద్ధతిలో ఒకదాని నడుము విప్పి అందులోంచి ఇంకోదాన్ని దూర్చి నొక్కి బిగిస్తారు. సన్నని పట్టీలతో గోడంత కిటికీలు నిలబెట్టడం దాంతో వీలైంది. ఇరవయ్యో శతాబ్దపు ఫ్యాక్టరీ షెడ్లకు పగటి వెలుగు వచ్చింది ఈ దారినే. 1926లో క్రిట్టల్ తన కార్మికుల కోసం సిల్వర్ ఎండ్ అనే ఊరు కట్టించడం మొదలుపెట్టాడు. అక్కడి కార్ఖానాలో మొదటి ప్రపంచ యుద్ధంలో అంగవికలురైన సైనికులు కిటికీల విడిభాగాలు తయారుచేశారు. వారానికి ఐదు రోజుల పనిని బ్రిటన్‌లో ముందుగా అమలుచేసిన సంస్థల్లో ఇదొకటి, ఆ సంవత్సరం కూడా 1926.

స్వాతంత్ర్యం తర్వాత మన దేశంలో ఇళ్లు, క్వార్టర్లు, ఆస్పత్రులు, బడులు విస్తారంగా కట్టాల్సి వచ్చినప్పుడు ఉక్కు కిటికీ చేతికందిన జవాబు. చెద పట్టదు, వానకు ఉబ్బదు, ఒకే కొలతతో వేలకొద్దీ చేయవచ్చు. భారత ప్రమాణాల్లో ఐ.ఎస్. 1038 ఈ తలుపులు, కిటికీలు, వెంటిలేటర్లకు సంబంధించినది. ఐ.ఎస్. 7452 వాటి పట్టీల ఆకారాలను నిర్ణయిస్తుంది. ఎఫ్7డి, ఎఫ్4బి, టి6, కె11బి అని వాటికి పేర్లు. ఎఫ్7డి పట్టీ మీటరుకు దాదాపు 1.4 కిలోలు తూగుతుంది. కేంద్ర ప్రజాపనుల శాఖ పద్ధతి ప్రకారం మూలలను ఏటవాలుగా కోసి వెల్డు చేస్తారు. చట్రానికి 15 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. మందం, 10 సెం.మీ. పొడవున్న పట్టీ కాళ్లు పెడతారు. ఒక్కో కాలిని గోడలో 15×10×10 సెం.మీ. కాంక్రీటు దిమ్మలో పాతుతారు. పాత కిటికీ ఎందుకు అంత సులువుగా ఊడిరాదో, ఊడదీస్తే గోడ ఎందుకంత పెచ్చులూడుతుందో ఈ కొలతలు చూస్తే తెలుస్తుంది.

నాలుగడుగుల నలుచదరపు రెండు రెక్కల కిటికీకి చట్రం, రెక్కలు, నడిమి పట్టీ కలిపి పదమూడు మీటర్ల దాకా పట్టీ పడుతుంది. అంటే పద్దెనిమిది, ఇరవై కిలోల ఉక్కు. మన దేశంలో ఒక టన్ను ఉక్కు తీయడానికి సగటున రెండున్నర టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తోంది. ఆ లెక్కన ఒక్కో కిటికీ వెనక యాభై కిలోల వాయువు ఎప్పుడో వెలువడి ఉంది. ఊడబెరికి తుక్కు బండికి వేసే ముందు ఈ అంకె గుర్తుంచుకోదగ్గది.

రంగు ఒక లావైతే, తుప్పు రెండో లావు, ఎక్కువ ప్రమాదకరమైనదీ అదే. ఇనుము తుప్పుగా మారినప్పుడు దాని రసాయన రూపాన్ని బట్టి ఘనపరిమాణం రెండు నుంచి ఆరు రెట్లకు పెరుగుతుంది. అర మిల్లీమీటరు ఇనుము తినేస్తే ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల తుప్పు పొంగుతుంది. రెండు పట్టీల మధ్య, పుట్టీ కింద, గోడకూ చట్రానికీ నడుమ ఇరుకుసందులో అది పొంగితే, రాతిగోడలో దూరిన రావివేరులా దేన్నయినా పక్కకు నెట్టేస్తుంది. అద్దాలు ఏ దెబ్బా తగలకుండా మూలన పగలడం, కిటికీ కింద ప్లాస్టరు అడ్డంగా చీలడం చాలావరకు దీని పనే.

ఇందులో ఒక ఊరట కూడా ఉంది. మూడు మిల్లీమీటర్ల పెచ్చు ఊడితే మూడు మిల్లీమీటర్ల ఇనుము పోయిందని భయపడనక్కర్లేదు. లోపల పోయింది ఒకటో, ఒకటిన్నరో ఉంటుంది. పట్టీ మందం సుమారు మూడు మిల్లీమీటర్లు. చూపుకు పూర్తిగా పోయిందనిపించే కిటికీల్లో చాలావాటికి ఇంకా సగానికి పైగా ఒళ్లు మిగిలే ఉంటుంది.

తుప్పు ఎప్పుడూ అడుగు పట్టీనే ఎందుకు ఎంచుకుంటుంది? నీళ్లు అక్కడ నిలుస్తాయి కాబట్టి అన్నది సగం జవాబే. మిగతా సగం కేంబ్రిడ్జిలో యులిక్ ఎవాన్స్ 1920ల్లో చేసిన ప్రయోగంలో ఉంది. ఆయన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేసి గమనించాడు. చుక్క అంచుల్లో గాలి బాగా తగులుతుంది, నడుమ తగలదు. ఇనుము కరిగేది గాలి తగిలే అంచున అనుకుంటాం. కరిగింది మాత్రం గాలి అందని నడుమ. ఒకే చుక్కలో ఆక్సిజన్ ఎక్కువున్న చోటు, తక్కువున్న చోటు కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అందులో నష్టపోయేది ఆక్సిజన్ అందని లోహం. కిటికీలో అలాంటి చోట్లు ఏవి? పగిలిన పుట్టీ కింద, పొక్కిన రంగు కింద, రెండు పట్టీలు ఒకదానిమీద ఒకటి వాలే ఇరుకులో. పైన నిగనిగలాడే రంగు, కింద కరిగిపోతున్న ఇనుము ఒకేచోట ఉండటానికి కారణం ఇదే.

నాచారం గాలికీ ఇందులో వాటా ఉంది. 1930ల తొలినాళ్లలో డబ్ల్యూ.హెచ్.జె. వెర్నన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త శుభ్రమైన తేమగాలిలో ఇనుము నెమ్మదిగానే పాడవుతుందనీ, అదే గాలిలో కొద్దిపాటి గంధక డయాక్సైడు చేరి, తేమ అరవై శాతం దాటితే తుప్పు ఒక్కసారిగా విజృంభిస్తుందనీ చూపాడు. హైదరాబాదుకు ఏటా పడే ఎనిమిది వందల చిల్లర మి.మీ. వానలో సింహభాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. ఆ నాలుగు నెలల్లో ఎక్కువ భాగం తేమ వెర్నన్ గీత పైనే. నాచారం, ఉప్పల్, మల్లాపూర్ పారిశ్రామికవాడల బాయిలర్ల పొగ, హైవే డీజిల్ పొగ దశాబ్దాలుగా ఈ ఇళ్ల మీదుగానే వీస్తున్నాయి.

మరి బాగుచేయడం ఎలా?

పని తెలిసినవాడు మొదట గ్రైండరు ముట్టుకోడు. నూలు దారం అడుగుతాడు. చట్రం ఎడమ పై మూల నుంచి కుడి కింది మూలకు ఒకటి, కుడి పై మూల నుంచి ఎడమ కింది మూలకు ఒకటి దారం లాగి కడతాడు. రెండు దారాల పొడవూ సమానమైతే చట్రం మూలలు సరిగ్గానే ఉన్నాయి, గోడ కుంగలేదు. రెండు దారాలూ నడుమ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే చట్రం మెలిపడలేదు. మధ్యలో వాటికి సందు ఉంటే ఆ సందుకు రెండింతల మెలిక ఉన్నట్టు. ఇదే పరీక్ష రెక్కకూ చేస్తాడు. రెండు నిమిషాల ఈ పని వెయ్యి రూపాయల తప్పు కోతను ఆపుతుంది.

తర్వాత సుద్దముక్క. చట్రం అంచులన్నిటికీ రంగు సుద్ద రుద్ది, రెక్కను మెల్లగా మూసి తెరిస్తే, ఎక్కడ తగులుతోందో అక్కడ రెక్క మీద సుద్ద అంటుకుంటుంది. చాలా కిటికీల్లో ఆ మరక బందు వైపు, పై బందుకో కింది బందుకో బెత్తెడు దూరంలో కనబడుతుంది. తగిలే చోటు తెలిశాక సగం పని అయినట్టే.

బందులు బిగుసుకుపోయి ఉంటే ముందురోజు రాత్రే నూనె పెట్టాలి. కిరసనాయిలు, అంటే తెలంగాణ ఇళ్లలో గ్యాస్‌నూనె, దానిలో కాస్త ఇంజన్ ఆయిల్ కలిపి పిన్ను తల మీద చుక్కలుగా వేస్తారు. పలచని నూనె సన్నని సందులోకి తనంతట తానే పాకుతుంది, చిక్కటిది లోపల నిలుస్తుంది. పొద్దున రెక్కను పట్టుకుని వేలెడు దూరం అటూ ఇటూ ఊపుతారు, లాగరు. బందులోంచి ఎర్రటి బురద కారడం మొదలైతే పిన్ను కదిలినట్టు. కదిలాక ఇంకా నూనె, ఇంకా ఊపుడు. నూనె తేటగా బయటికి వచ్చేదాకా ఇదే.

ఆ తర్వాత గీకుడు. విరిగిన యాక్సా బ్లేడును సానబట్టి ఒక కొసకు గుడ్డ చుట్టుకుంటే అంతకు మించిన గోకుడు పనిముట్టు లేదు. రెండు పట్టీలు తాకే అంచుల లోమూలలోకి అది చక్కగా దూరుతుంది. పొరలు పొరలుగా రంగు లేస్తుంటే ఆ ఇంటి చరిత్ర బయటపడుతుంది. పైన తెలుపు, దాని కింద గోధుమరంగు, దాని కింద ఆకుపచ్చ, ఆ కింద బూడిదరంగు, అన్నిటికన్నా అడుగున ప్రైమరు. ఇటుక ఎరుపులో ఉంటే అది రెడ్ ఆక్సైడ్, ఇనుప ఆక్సైడే. నారింజరంగుకు దగ్గరగా మెరిస్తే మాత్రం చెయ్యి అక్కడితో ఆపాలి.

ఆ నారింజ పూత సీసపు సింధూరం కావచ్చు. అవిసె నూనెతో కలిసి సీసపు సబ్బులుగా మారి ఇనుమును అద్భుతంగా కాపాడేది, అందుకే పాతకాలంలో వంతెనలకూ కిటికీలకూ అదే పూసేవారు. పై పొరల్లోని పాత ఎనామెళ్లలోనూ సీసం ఉండేది. ఇళ్ల పెయింట్లలో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించకూడదన్న నిబంధనలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు వేసిన ఏ రంగులోనైనా సీసం ఉందనే అనుకుని పనిచేయాలి. పొడిగా ఉప్పుకాగితం రుద్దడం, గ్రైండరుకు వైరు బ్రష్ తగిలించి ఎగరగొట్టడం, మంటతో కాల్చడం మూడూ తప్పే. ఆ దుమ్ము పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, పనివాడి నెత్తురులోకి చేరుతుంది. తడిపి రుద్దాలి, కింద పాత దుప్పటి కాదు, పడేయగల ప్లాస్టిక్ పరదా పరవాలి. నోటికి గుడ్డ చాలదు, దుమ్మును ఆపే సరైన మాస్కు ఉండాలి. పిల్లలు, గర్భిణులు ఆ గదిలో ఉండకూడదు. మేస్త్రీ నవ్వినా సరే, ఇంటి యజమాని ఈ ఒక్క విషయంలో పట్టుబట్టాలి.

రంగు, పెచ్చులు పోయాక చిన్న సుత్తితో పట్టీ పొడుగునా తట్టి వింటారు. ఖంగున మోగితే ఒళ్లు గట్టిది. మొద్దుగా పలికితే అక్కడ లోపల తుప్పు పొరలు విడిపోయి ఉన్నాయి. అడుగు పట్టీ మరీ తినేసి ఉంటే ఆ జానెడు ముక్క కోసి, అదే ఆకారం పట్టీ తెచ్చి వెల్డు చేయాలి. కూల్చిన ఇళ్ల కిటికీలు పాత సామాను దుకాణాలకు వస్తుంటాయి. ఎఫ్7డి ముక్క అక్కడ దొరికితే అదృష్టమే. వెల్డింగుకు ముందు అద్దం తీసేయాలి, లేకుంటే వేడికి పగులుతుంది, నిప్పురవ్వలు పడిన చోట శాశ్వతంగా మచ్చలు మిగులుతాయి. నిజంగా మెలిపడిన రెక్కను సరిచేయడమూ అద్దం లేనప్పుడే. సందులో చెక్క చీల పెట్టి, ఎదురు మూలను అరచేత్తో నెమ్మదిగా నొక్కుతారు. ఉక్కు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి కావలసిన దానికన్నా కాస్త ఎక్కువ వంచి వదలాలి. ఎంత ఎక్కువ అన్నది అనుభవం చెబుతుంది, పుస్తకం చెప్పదు.

హైదరాబాదు ఇళ్లలో ఇంకో చిక్కుంది. రెక్క బయటికి తెరుచుకుంటుంది, గ్రిల్లు లోపల ఉంటుంది. బందులు గ్రిల్లుకు అవతల. కింది అంతస్తులో నిచ్చెన చాలు, రెండో అంతస్తుకు జూల, అంటే వేలాడే పరంజా, కట్టాల్సిందే. రెండు కిటికీల పనికి జూల ఖర్చే ఎక్కువ. అపార్ట్‌మెంట్‌వాళ్లు బయటి గోడలకు రంగు వేయించేటప్పుడు, ఎలాగూ జూల కట్టి ఉంటుంది కాబట్టి, కిటికీల పని అప్పుడే పెట్టుకోవడం తెలివైన లెక్క.

అద్దాన్ని పట్టి ఉంచే పుట్టీ కథ వేరు. సుద్దపొడి, అవిసె నూనె కలిపిన ముద్ద అది. నూనె ఆవిరైపోయి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. అవిసె నూనె గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని అణువులు గొలుసుకట్టడం వల్ల గట్టిపడుతుంది, ఆ క్రమంలో బరువు పెరుగుతుంది కూడా. చెక్క కిటికీలో మిగులు నూనెను చెక్క పీల్చుకుంటుంది. ఉక్కు పీల్చదు, కాబట్టి ఇనుప కిటికీకి త్వరగా గట్టిపడే రకం పుట్టీ వేరే ఉంటుంది. మామూలు లప్పం కూరితే నెలల తరబడి మెత్తగానే ఉండి, పైపొర చీలి, ఎవాన్స్ చెప్పిన ఇరుకు తయారవుతుంది. నూనెలు, రెసిన్లు, పూతల మీద పరిశోధనకు పేరుపడ్డ సంస్థ ఉప్పల్‌కు కొద్ది దూరంలోనే తార్నాకలో ఉంది. 1944లో మొదలై, రీజినల్ రీసెర్చ్ లేబొరేటరీగా పేరు తెచ్చుకుని, నేడు ఐఐసీటీ అని పిలుస్తున్నది అదే.

రంగు వేసే కాలం కూడా ముఖ్యం. ఉక్కు ఉపరితలం మంచుబిందువు ఉష్ణోగ్రత కన్నా కనీసం మూడు డిగ్రీలు వేడిగా ఉండాలన్నది పూతల పనిలో స్థిరపడ్డ నియమం. లేకుంటే కంటికి కనిపించని తేమపొర మీద ప్రైమరు కూర్చుంటుంది. జూలైలో గీకిన ఇనుము సాయంత్రానికే లేత నారింజరంగు తిరుగుతుంది. వానలు వెనుదిరిగాక, ఎండ ఎక్కిన పూట పని పెట్టుకుని, గీకిన రోజే జింక్ ఫాస్ఫేట్ ప్రైమరు పూసేయాలి. ఆపైన రెండు కోట్లు చాలు. తాకే అంచుల మీద పలచగా, బందు పిన్నుల మీద అసలే వద్దు. ఆరేదాకా రెక్క మూయకూడదు. పాత పొరల మీదే మూడో నాలుగో కోటు దట్టిస్తే ఖర్చుపెట్టి మళ్లీ లావెక్కించినట్టే.

ఇంత చేసినా అక్కడక్కడ కాగితం దూరేంత సందు మిగలవచ్చు. దానికి చక్కటి ఉపాయం ఉంది. చట్రం అంచు వెంట సిలికాన్ సన్నగా గీతలా పెట్టి, రెక్క తాకే అంచుకు సిలికాన్ అంటుకోని టేపు అతికించి, రెక్క మూసి ఒకరోజు వదిలేస్తారు. తెరిచి టేపు లాగేస్తే ఆ కిటికీ వంకరకు అచ్చంగా సరిపోయే రబ్బరు అంచు తయారై ఉంటుంది. సిలికాన్ మాత్రం న్యూట్రల్ రకమే వాడాలి. ట్యూబు తెరవగానే వెనిగర్ వాసన కొడితే అందులోంచి ఎసిటిక్ ఆమ్లం వెలువడుతున్నట్టు, అది ఇనుమును తింటుంది. అడుగున నీళ్లు బయటికి పోయే దారిని సిలికాన్‌తో మూసేయకుండా వదలడం మరిచిపోకూడదు.

ఇంత శ్రమ ఎందుకు, యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టించుకుంటే పోలా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఉక్కుకు లోపాలున్నాయి. యూపీవీసీతో పోలిస్తే వేడిని కొన్ని వందల రెట్లు ఎక్కువ ప్రసరింపజేస్తుంది, పడమటి ఎండకు చెయ్యి పెట్టలేం. కానీ బిగువులో అది యూపీవీసీ కన్నా అరవై డెబ్బై రెట్లు గట్టిది, అందుకే పట్టీ అంత సన్నం, గదిలోకి అంత వెలుగు. చలికాలపు తెల్లవారుజాముకూ వేసవి మిట్టమధ్యాహ్నపు ఎండకూ పట్టీ ఉష్ణోగ్రతలో 45 డిగ్రీల తేడా వస్తుందనుకుంటే, నాలుగడుగుల ఉక్కు పట్టీ 0.65 మి.మీ. సాగుతుంది, అల్యూమినియం దాదాపు 1.25, యూపీవీసీ దాదాపు 4 మి.మీ. పైగా కొత్తగా పెట్టించేది జరుపుడు కిటికీ అయితే అది ఎప్పుడూ సగమే తెరుచుకుంటుంది, రెక్కల కిటికీ పూర్తిగా తెరుచుకుంటుంది. అడుగు పట్టీతో పాటు చట్రమే గోడలో కరిగిపోయి, కాళ్లు ఊడి ఊగుతుంటే మార్చేయడమే మంచిది. ఒళ్లు గట్టిగా ఉండి మూసుకోకపోవడమే ఇబ్బందైతే, నాలుగు రోజుల గీకుడుకు అది ఇంకో ముప్ఫై ఏళ్లు పనికొచ్చే సరుకు.

ఆ తర్వాత ఏటా చేయాల్సింది కొద్దిగానే ఉంటుంది. మృగశిర కార్తెకు ముందు, తొలివాన పడకమునుపే, ప్రతి బందులో రెండు చుక్కల నూనె వేసి రెక్కను నాలుగుసార్లు ఊపాలి. పుట్టీ ఎక్కడైనా చీలిందేమో గోటితో నొక్కి చూసి, చీలిన మేరకు గీకి కొత్తది కూరాలి. అడుగు పట్టీలో చేరిన దుమ్మును పాత పళ్లబ్రష్‌తో ఊడ్చి, ఒక చెంబు నీళ్లు పోసి అవి బయటికే పోతున్నాయో లేదో చూడాలి.